డీజిల్ వ్యాను: హోస్ పైపులు బిగుసుకుపోతున్నాయి, టెంపరేచర్ ముల్లు మాత్రం కదలట్లేదు

వ్యాన్_నాని
2.2 లీటర్ల కామన్ రైల్ డీజిల్ వ్యాను. టర్బో ఉంది, హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) అల్యూమినియంది. కొంతకాలంగా ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత చుట్టూ కూలెంట్ మరకలు కనిపిస్తున్నాయి. బండి ఆపి బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పై హోసు వేలితో నొక్కినా లొంగట్లేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. ఇంజనాయిల్ శుభ్రంగా ఉంది, డిప్‌స్టిక్ మీద తెల్ల జిడ్డు లేదు, పొగ మామూలే. కూలెంట్ మాత్రం తగ్గుతోంది, పోస్తూ నెట్టుకొస్తున్నా.

మెకానిక్ చూడగానే "హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ ఇంజను బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్డు దించాలి" అన్నాడు. ఒక్క పరీక్షా చేయలేదు. నా పనంతా ఈ బండి మీదే. ఇంజను విప్పితే అంతా ఆగిపోతుంది. నిజంగా గ్యాస్కెటేనా అని తేలకుండా హెడ్డు మీద పానా పెట్టనివ్వదలచుకోలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మూడోగేరు
ముందు మూత మార్చి చూడు. స్ప్రింగు బలహీనపడిన మూత వల్ల కూడా మరకలు వస్తాయి.

పానా13
మూత మార్చడం మంచిదే కానీ నాని చెప్పిన రెండూ ఒక్క మూత ఖాతాలో పడవు. స్ప్రింగు బలహీనమైతే ప్రెషర్ తొందరగా బయటికి పోయి హోసు మెత్తగా ఉండాలి. ఇక్కడ హోసు గట్టిగా ఉంది, కూలెంటూ బయటికొస్తోంది. అంటే మూత తన పని తాను చేస్తోంది, లోపల ప్రెషరే ఎక్కువ అనుకోవాలి. లేదా మూత ఇరుక్కుపోయి ఆలస్యంగా తెరుచుకుంటోంది. మూతను టెస్టర్ అడాప్టర్‌కి బిగించి చేతిపంపుతో కొడితే దాని మీద రాసిన అంకె దగ్గర వదులుతోందో లేదో తెలిసిపోతుంది. ఎంత రాసి ఉంది దాని మీద?

ఇంకోటి. వేడి ఇంజను మీద పై హోసు గట్టిగా ఉండటం జబ్బు కాదు. ఒక బార్ పైన ప్రెషర్ ఉన్న రబ్బరు గొట్టం గట్టిగానే ఉంటుంది. వేలితో నొక్కి హెడ్ గ్యాస్కెట్ అని తేల్చేవాళ్ల మాట వినకు. నాకు కావాల్సింది వేరే: రాత్రంతా ఆగిన బండికి, పొద్దున స్టార్ట్ చేయకముందు, పై హోసు ఎలా ఉంది? మూత మెల్లగా తిప్పితే బుస్సుమంటుందా?

వ్యాన్_నాని
మూత మీద 1.4 బార్ అని ఉంది. పొద్దున చూసి చెప్తా.

రాత్రిబండి
అన్నా, ఇంత లోతుకి వెళ్లక్కర్లేదు. మూత అర చుట్టు వదులు చేసి నడుపు, ప్రెషర్ నిలవదు. ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కి వెళ్లనివ్వని థర్మోస్టాట్ వాల్వు కూడా పీకేస్తే వేడి సమస్యే ఉండదు. మా దగ్గర చాలా బండ్లు ఇలాగే తిరుగుతున్నాయి.

ఫిజిక్స్_టీచర్
రాత్రిబండి గారూ, ఈ సలహా విని ఎవరైనా హెడ్డు పగలగొట్టుకోకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

కూలింగ్ వ్యవస్థలో ప్రెషర్ కావాలనే పెడతారు. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. 1.4 బార్ మూత బిగించి ఉంటే సుమారు 126 డిగ్రీల దాకా మరగవు. గ్లైకాల్ కలిస్తే ఇంకా పైకి. ముల్లు 90 చూపిస్తున్నా హెడ్డులో వాల్వు సీట్ల మధ్య లోహం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. మూత వదులు చేస్తే ముందు అక్కడే ఆవిరి బుడగలు లేస్తాయి. ఆవిరి ఉన్నచోట లోహం చల్లబడదు, పగుళ్లు వచ్చేది ఆ మధ్య భాగంలోనే. థర్మోస్టాట్ తీస్తే ఇంజను సరైన వేడికి రాదు, పైగా కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి మూసేది కూడా అదే. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరుగుతుంది.

ఇక ప్రెషర్ పుట్టేది రెండు రకాలుగా. ఒకటి వేడి వల్ల. 10 లీటర్ల కూలెంట్ చల్లటి స్థితి నుంచి 90 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ట్యాంకులో లీటరు గాలి ఖాళీ ఉంటే అది 600కి నలుగుతుంది, దానికి ఆవిరి ఒత్తిడి తోడవుతుంది. ఇంజను చల్లారగానే ఇదంతా మళ్లీ సున్నాకి రావాలి. రెండోది బయట నుంచి చేరిన గ్యాసు వల్ల. లోపలికి చేరిన గ్యాసు చల్లారినా పోదు, అక్కడే ఉంటుంది. పానా13 గారు పొద్దుటి సంగతి అడిగింది అందుకే.

మూడోగేరు
టీచర్ గారి లెక్క చూశాక ఇంకో అనుమానం. ట్యాంకు మాక్స్ గీత దాటి నింపితే గాలికి చోటే ఉండదుగా? ఆ 400 ఎటు పోతుంది?

ఫిజిక్స్_టీచర్
మూత లోంచి బయటికి. తగ్గిందని మళ్లీ నింపుతారు, మళ్లీ బయటికి. ఏ జబ్బూ లేని బండికి కూడా ఇలా "కూలెంట్ తాగుతోంది" అనే పేరొస్తుంది.

వ్యాన్_నాని
ట్యాంకు గీత దాటలేదు, చల్లగా ఉన్నప్పుడు మిన్, మాక్స్ మధ్యలోనే ఉంచుతా.

పొద్దున చూశా. ఇంజను పూర్తిగా చల్లగా ఉంది. పై హోసులో ఇంకా బిగువు ఉంది, నిన్నటంత కాదు గానీ ఉంది. మూత మీద గుడ్డ వేసి తిప్పితే గట్టిగా బుస్సుమంది, చూస్తుండగానే ట్యాంకులో నీటిమట్టం రెండు వేళ్లు పైకొచ్చింది. వాసన అంత తెలియలేదు.

పానా13
మూత తీయగానే మట్టం పైకి రావడమంటే లోపలెక్కడో గ్యాసు నలిగి కూర్చుంది, ఒత్తిడి తీయగానే వ్యాకోచించి నీటిని నెట్టింది. ఎత్తెక్కేటప్పుడు హీటర్ గాలి ఉన్నట్టుండి చల్లబడుతుందా?

వ్యాన్_నాని
అవును! లోడుతో ఎత్తెక్కేటప్పుడు చల్లగాలి వస్తుంది, దిగాక మళ్లీ వేడి. హీటర్ ట్యాపు పాడైందనుకున్నా.

పానా13
ట్యాపు కాదు. హీటర్ కోర్‌లో (క్యాబిన్ గాలిని వేడి చేసే చిన్న రేడియేటర్‌లో) గ్యాసు చేరి నీరు ఆగుతోంది.

బస్సు_గరాజ్
మాకు ఇదే లక్షణాలతో పెద్ద బండి వచ్చింది. హెడ్ గ్యాస్కెట్ మార్చి పంపితే మళ్లీ అదే. చివరికి చూస్తే బ్రేకు ఎయిర్ కంప్రెసర్! దాని హెడ్డు కూడా ఇంజను నీళ్లతోనే చల్లబడుతుంది, దాని గ్యాస్కెట్ చిరిగి 8 బార్ గాలి నేరుగా రేడియేటర్లోకి కొడుతోంది. అది ఉత్త గాలి కాబట్టి రసాయన పరీక్షలో ఏమీ తేలదు. నాని బండికి ఎయిర్ బ్రేకులు ఉండవు. లారీ, బస్సు వాళ్లు ఇది చదువుతుంటే మాత్రం హెడ్డు దించేముందు కంప్రెసర్ నీటి గొట్టాలు విడదీసి చూసుకోండి.

డీజిల్‌పొగ
నాని అన్నా, ఆ నీలం ద్రావణంతో చేసే బ్లాక్ టెస్ట్ చేయించు. ట్యాంకు గాలిని అందులోంచి లాగితే, దహన గ్యాసు ఉంటే పసుపు అవుతుంది. కాలేదంటే గ్యాస్కెట్ బాగున్నట్టే.

పానా13
మొదటి సగం సరే, రెండో సగం డీజిల్‌కి వర్తించదు. ఆ ద్రావణం పట్టుకునేది కార్బన్ డయాక్సైడ్‌ని. పెట్రోల్ ఇంజను పొగలో అది సుమారు 14 శాతం. డీజిల్ ఎప్పుడూ ఎక్కువ గాలితో మండుతుంది, ఐడిల్‌లో 2 నుంచి 4 శాతమే ఉంటుంది. అందుకే డీజిల్‌తో చాలాసార్లు నీలం నుంచి ఆకుపచ్చ దాకానే వచ్చి ఆగుతుంది, చిన్న లీకైతే అసలు మారదు. మారితే నమ్మొచ్చు, మారలేదని మాత్రం గ్యాస్కెట్‌కి మంచి సర్టిఫికెట్ ఇవ్వొద్దు. చేసేటప్పుడు ట్యాంకు మట్టం తగ్గించుకో, కూలెంట్ ద్రావణంలోకి పీల్చుకుంటే పరీక్ష చెడుతుంది. లోడుతో తిప్పి తెచ్చిన వెంటనే మూత తీయకుండా చేసే వీలుంటే ఇంకా మంచిది, వేడి మీద మూత తీయడం మాత్రం ఎవరూ చేయకండి.

వ్యాన్_నాని
చేయించా. ఐడిల్‌లో నీలంగానే ఉంది. కాసేపు రేజ్ చేస్తే కొంచెం పచ్చదనం వచ్చిందని నాకనిపించింది. టెస్ట్ చేసినతను "ఏం లేదు, బాగుంది" అన్నాడు.

డీజిల్‌పొగ
పానా13 చెప్పినట్టే అయింది. మరి ఎలా తేల్చాలి?

పానా13
మీటర్ పెట్టి. ట్యాంకుకి వెళ్లే సన్న గాలి గొట్టంలో టీ జాయింట్ వేసి, 0 నుంచి 3 బార్ మీటర్ ఒకటి పొడుగు గొట్టంతో క్యాబిన్‌లోకి తెచ్చుకో. గొట్టం బిగింపులు గట్టిగా ఉండాలి, వేడి నీళ్లు మీద పడకూడదు. ఓబీడీ రీడర్‌లో (బండి కంప్యూటర్ అంకెలు చూపించే పరికరంలో) అసలు కూలెంట్ టెంపరేచర్ చూస్తూ నడుపు. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకు, చాలా బండ్లలో అది కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే ఉండేలా చేసి ఉంటుంది. పక్కన ఇంకొకరు కూర్చుని అంకెలు రాస్తే మేలు.

చూడాల్సింది ఒక్కటే. ప్రెషర్ వేడితోపాటు నిదానంగా పెరుగుతోందా, యాక్సిలరేటర్‌తోపాటు ఎగురుతోందా?

లేత్_మాస్టారు
ఈ చర్చ ఇప్పుడే చూశా. ఇంకా హెడ్డు దించలేదంటే సంతోషం. నా దగ్గరికి వచ్చే హెడ్లలో కొన్నింటికి ఏ జబ్బూ ఉండదు, విప్పినందుకు మాత్రం కొత్త బోల్టులు, కొత్త గ్యాస్కెట్, రోజుల పని. మీటర్ పెట్టిన తర్వాతే విప్పండి.

వ్యాన్_నాని
మీటర్ పెట్టా. నా తమ్ముడు పక్కన కూర్చుని రాశాడు.

చల్లటి స్టార్ట్, మూత అప్పుడే తీసి బిగించాం కాబట్టి సున్నా. ఐడిల్‌లో ఏమీ లేదు. బయల్దేరి 40 డిగ్రీల దగ్గర గట్టిగా లాగితే అప్పటికే 0.6. 88 డిగ్రీలకి వచ్చి నిలకడగా నడుస్తుంటే 1.0. ఎత్తు మీద థర్డ్ గేర్‌లో ఫుల్ లోడు ఇస్తే టెంపరేచర్ ఒక్క డిగ్రీ కూడా కదలకముందే 1.0 నుంచి 1.4కి చేరింది, అక్కడ మూత వదిలేస్తోంది. కాలు తీస్తే నిలబడిపోతోంది, తగ్గట్లేదు.

ఫిజిక్స్_టీచర్
40 డిగ్రీల దగ్గర 0.6 అంటే వేడి లెక్కకి అందదు. థర్మోస్టాట్ కూడా తెరుచుకోని దశ అది. రేడియేటర్ మూసుకుపోవడం, ఫ్యాను పనిచేయకపోవడం, వాటర్ పంపు రెక్కలు అరగడం ఇవన్నీ ఈ అంకెతో పక్కకి పోతాయి. అవి వేడి పెంచి ప్రెషర్ పెంచేవే తప్ప చల్లటి ఇంజనులో ప్రెషర్ పుట్టించలేవు.

బస్సు_గరాజ్
ఐడిల్‌లో లేదు, లోడులో ఉంది. సిలిండర్‌లో గరిష్ఠ ప్రెషర్ ఐడిల్‌కీ ఫుల్ లోడుకీ రెట్టింపు పైనే తేడా. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఫుల్ లోడులో 150 బార్ దాటుతుంది. హెడ్డు ఆ దెబ్బకి కొద్దిగా లేచినప్పుడే దారి తెరుచుకుంటోంది. గ్యాస్కెటే.

ఆర్పీఎం_రాణి
ఆగండి బస్సు_గరాజ్ గారూ. లోడులో పెరిగేది సిలిండర్ ప్రెషర్ ఒక్కటే కాదు. టర్బోకి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ప్రెషర్ కూడా పెరుగుతుంది, అది కూలెంట్ ప్రెషర్ కంటే ఎక్కువ కావచ్చు. ఈజీఆర్ కూలర్ (కొంత పొగని తిరిగి ఇంజనులోకి పంపేముందు కూలెంట్‌తో చల్లబరిచేది) లోపల పగిలితే ఆ పొగ నేరుగా నీళ్లలోకి వస్తుంది. నా బండికి సరిగ్గా ఇదే జరిగింది, హెడ్డు ముట్టుకోకుండా కూలర్ ఒక్కటి మార్చడంతో అయిపోయింది. ఈజీఆర్ వాల్వు కూలర్ తర్వాత ఉండే ఇంజన్లలో, వాల్వు మూసి ఉన్నా కూలర్ మీద మానిఫోల్డ్ ప్రెషర్ ఎప్పుడూ ఉంటుందని గుర్తుంచుకోండి.

బస్సు_గరాజ్
ఈజీఆర్ కూలర్ పగిలితే పొద్దుటికి ప్రెషర్ ఎలా నిలుస్తుంది? ఇంజను ఆగగానే ఎగ్జాస్ట్‌లో ఏ ఒత్తిడీ ఉండదు. అదే పగులులోంచి కూలెంట్ తిరిగి పొగ గొట్టంలోకి కారిపోవాలి. పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల ఆవిరి కనపడాలి. నానికి ప్రెషర్ నిలిచింది, తెల్ల పొగా లేదు.

ఆర్పీఎం_రాణి
మీ వాదన బలంగానే ఉంది. కానీ వెంట్రుకవాసి పగులు వేడికి తెరుచుకుని చల్లారితే మూసుకుపోవచ్చు. కూలర్‌కి వెళ్లే రెండు నీటి గొట్టాలు తీసి, వాటినే ఒకదానికొకటి కలిపేస్తే సందేహం తీరుతుంది. హెడ్డు దించడానికి పట్టే సమయంతో పోలిస్తే ఇది లెక్కలోది కాదు. కూలర్‌లో నీరు లేనప్పుడు వేడి పొగ దాని మీద పడకుండా ఈజీఆర్ వైపు కూడా ప్లేటుతో మూసి, చిన్న దూరం నడిపి, వెంటనే మళ్లీ మామూలుగా పెట్టేయాలి. ఇది పరీక్ష కోసం మాత్రమే.

పానా13
రాణి గారు చెప్పింది చేయించు నాని. ఇంకో మాట, కొన్ని ఇంజన్లలో ఇంజెక్టర్లు రాగి స్లీవుల్లో కూర్చుంటాయి, ఆ స్లీవు చుట్టూ నీరు ఉంటుంది. స్లీవు సీటు పోయినా ఇదే కథ. నీ ఇంజనుకి పొడి సీట్లైతే ఆ భయం లేదు, మాన్యువల్‌లో చూసుకో.

రాత్రిబండి
లీకు ఆపే పొడి ఒకటి పోసి చూస్తే? చిన్న లీకే కదా.

లేత్_మాస్టారు
100 బార్ల పైన మంటని ఆ పొడి ఆపదు తమ్ముడూ. ఆపేది హీటర్ కోర్ సన్న గొట్టాలని. తర్వాత అదీ మార్చుకోవాలి.

వ్యాన్_నాని
ఈజీఆర్ కూలర్ పక్కకి తప్పించి నడిపాం. మార్పు లేదు, లోడు ఇవ్వగానే మళ్లీ 1.4. గొట్టాలన్నీ యథాస్థానంలో పెట్టేశాం. ఇంజెక్టర్లు పొడి సీట్లే, మాన్యువల్ చూశా. ఇప్పుడు హెడ్డు తప్పదని ఒప్పుకుంటున్నా. ఏ సిలిండరో ముందే తెలుసుకోవచ్చా?

పానా13
తెలుసుకోవచ్చు, తెలుసుకుంటే లేత్‌లో ఎక్కడ వెతకాలో చెప్పగలవు. చల్లటి ఇంజను మీద చేతిపంపుతో కూలింగ్‌ని 1.2 బార్ దాకా కొట్టి రాత్రంతా వదిలేయ్. పొద్దున గ్లో ప్లగ్గుల (చల్లటి స్టార్ట్‌కి సిలిండర్‌ని వేడి చేసే ప్లగ్గుల) రంధ్రాల్లోంచి ఎండోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) పెట్టి పిస్టన్ల తలలు చూడు. తడి ఉన్నదో, మిగతావాటికంటే శుభ్రంగా కడిగినట్టు ఉన్నదో అదే. గ్లో ప్లగ్గులు మాత్రం ముందు రోజే, ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు, ఆయిల్ పట్టించి నానబెట్టి తీయాలి. విరిగితే అదో పెద్ద పని.

ప్లగ్గులు తీయకుండా స్టార్టర్ మాత్రం కొట్టొద్దు. సిలిండర్‌లో నీరు చేరి ఉంటే నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

డీజిల్‌పొగ
పిస్టన్‌ని టీడీసీలో, అంటే పూర్తిగా పైకి, పెట్టి సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి కొట్టి ట్యాంకులో బుడగలు చూస్తారు కదా, అది సులువు కాదా?

పానా13
చేయొచ్చు, బుడగ వస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. కానీ గరాజ్ గాలి 7 బార్ దగ్గర ఉంటుంది, నాని లీకు ఐడిల్‌కే తెరుచుకోనిది. 7 బార్‌కి తెరుచుకుంటుందని నాకు నమ్మకం లేదు.

వ్యాన్_నాని
రెండో సిలిండర్. మిగతా మూడు పిస్టన్లు నల్లగా, పొడిగా ఉన్నాయి. రెండోదానికి ఒక అంచు లోహం రంగులో మెరుస్తోంది. ప్రెషర్ మీటర్ రాత్రికి రాత్రి 1.2 నుంచి 1.1కి దిగింది.

మూడోగేరు
ఆ మెకానిక్ చెప్పింది చివరికి నిజమే అయింది అన్నమాట.

ఫిజిక్స్_టీచర్
మూడోగేరు గారూ, అతను చెప్పింది ఊహ. ఇదే ఊహ బస్సు_గరాజ్ గారి బండికి తప్పింది, రాణి గారి బండికైతే అనవసరంగా హెడ్డు దిగేది. నానికి ఇప్పుడు ఏ సిలిండరో, ఏ వైపో కూడా తెలుసు.

లేత్_మాస్టారు
హెడ్డు దించాక నా మాటలు కొన్ని గుర్తుపెట్టుకో. బోల్టులు బయటి నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే. పాత గ్యాస్కెట్ పారేయకు. దాని అంచున ఎన్ని గాట్లు లేదా రంధ్రాలు ఉన్నాయో చూడు, డీజిల్లో గ్యాస్కెట్ మందం రకరకాలుగా వస్తుంది. పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజితో కొలిచి దాన్నిబట్టి మందం ఎంచుకుంటారు. తప్పు మందం వేస్తే కంప్రెషన్ మారుతుంది, ఇంకా పల్చనిదైతే పిస్టన్ వాల్వుని తాకే ప్రమాదం.

హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో పొడవునా, అడ్డంగా, మూలల నుంచి మూలలకి కొలవాలి. 0.05 మిల్లీమీటర్ ఆకు దూరితేనే నేను ఆగి మాన్యువల్ తెరుస్తా. చాలా డీజిల్ హెడ్లకి ఫేసింగ్ (అడుగుని చెక్కి సమతలం చేయడం) చేయడానికే ఒప్పుకోరు, హద్దు దాటితే మార్చాల్సిందే. సమతలంగా ఉంది కదా అని బిగించేయకు, ప్రెషర్ టెస్ట్ చేయించు. హెడ్డుని వేడి నీళ్లలో ముంచి గాలి కొట్టాలి, చల్లటి హెడ్డులో కనిపించని పగులు వేడి మీద బుడగలు వదులుతుంది.

వ్యాన్_నాని
దించాం. రెండో సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రింగు మీద నుంచి పక్కనున్న నీటి రంధ్రం దాకా సన్నటి నల్ల గీత, ఎండోస్కోప్‌లో మెరిసిన వైపే. హెడ్డు వంపు హద్దులోనే ఉంది, వేడి నీళ్ల టెస్ట్‌లో బుడగ లేదు. పాత గ్యాస్కెట్‌కి రెండు గాట్లు, డయల్ గేజి లెక్క కూడా రెండు గాట్ల దానికే వచ్చింది. అదే తెప్పించా, కొత్త బోల్టులతో సహా.

బస్సు_గరాజ్
బిగించేముందు బ్లాక్‌లో బోల్టు రంధ్రాల అడుగున నీరు గానీ ఆయిల్ గానీ ఉందేమో గాలి కొట్టి, గుడ్డతో తుడిచి చూడండి. అడుగున ద్రవం ఉండగా బోల్టు దిగితే ఆ ఒత్తిడికి బ్లాకే చిట్లుతుంది. టార్క్ రెంచి కూడా బిగిసినట్టు అబద్ధం చెప్తుంది. మంచి మెకానిక్కులు కూడా తొందరలో వదిలేసే పని ఇది.

రాత్రిబండి
బిగించాక కొంచెం తిరిగొచ్చి మళ్లీ టైట్ చేయాలి కదా? మా గురువు అలాగే చేసేవారు.

లేత్_మాస్టారు
మీ గురువు చేసింది పాత పద్ధతి గ్యాస్కెట్లకి, వాటికి అది అవసరమే. ఇప్పటి స్టీలు పొరల గ్యాస్కెట్లకి, సాగే బోల్టులకి ముందు టార్క్, తర్వాత డిగ్రీల కోణం. మాన్యువల్ అడిగితే తప్ప మళ్లీ ముట్టుకోకూడదు.

వ్యాన్_నాని
బండి తిరుగుతోంది. మీటర్ ఇంకా తీయలేదు. 88 డిగ్రీల దగ్గర 0.8, అదే ఎత్తు మీద అదే లోడుకి 0.9 దాటలేదు. మొదట్లో ట్యాంకులో కొన్ని బుడగలు కనిపించి కంగారు పెట్టాయి.

పానా13
కొత్తగా నింపిన కూలెంట్‌లో మిగిలిన గాలి అది. ఇంజను కొన్నిసార్లు వేడెక్కి చల్లారేసరికి ట్యాంకులోకి వచ్చేస్తుంది. పొద్దున మూత తీసినప్పుడు శబ్దం లేకపోతే, మట్టం కదలకపోతే మీటర్ తీసేయ్.

వ్యాన్_నాని
శబ్దం లేదు, మట్టం కదల్లేదు. హీటర్ కూడా ఎత్తు మీద వేడిగానే వస్తోంది. అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా ఈజీఆర్ పరీక్ష చెప్పిన రాణి గారికి. అది చేయకుండా హెడ్డు దించి ఉంటే మనసులో అనుమానం మిగిలేది.

కొత్తచక్రం
చర్చ మొత్తం చదివా. నా వ్యానుకి కూడా కూలెంట్ తగ్గుతోంది, లోడులో హోసులు బిగుస్తున్నాయి. కానీ పొద్దున మూత తీస్తే ఏ శబ్దమూ లేదు, స్టార్ట్ చేయగానే కాసేపు తెల్లటి ఆవిరి వస్తుంది. నేనూ ఎండోస్కోప్‌తో మొదలుపెట్టాలా?

ఆర్పీఎం_రాణి
మీరు ఈజీఆర్ కూలర్‌తో మొదలుపెట్టండి. పొగ వైపు గొట్టం విప్పి లోపల తడి గానీ, ఎండిన కూలెంట్ మరక గానీ ఉందేమో చూడండి. ఉంటే కూలర్ బయటికి తీసి, నీటి దారి మూసి, గాలి కొట్టి నీళ్లలో ముంచండి. అది సరిగ్గా ఉందని తేలాకే సిలిండర్ల వైపు రండి.